బొగ్గు జెట్టీలో అగ్గిపుల్ల

కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌లో బొగ్గు జెట్టీ అని ఒకటుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బీడీ ముట్టించకూడదు. ముట్టిస్తే ఆరిపోతాది. గాలుండదు, వానుండదు... ఎవరో పక్కన నిలబడి ఉఫ్‌మని ఊదినట్టు ఆరిపోతాది. మొండికేసి మళ్ళీ ముట్టించేరా — చెయ్యి మీద చరుస్తాది.

చరిచేదెవరో మా ఏక్‌బాల్‌పూర్ కూలీల లైన్లో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. సింహాచలమ్మ.

నవ్వకండర్రా. నవ్వేవాళ్ళకి నేను చెప్పను.

ఓడలు బొగ్గుతో నడిచే రోజుల్లో మన శ్రీకాకుళం ఆడవాళ్ళే నెత్తిన బుట్టలు పెట్టుకుని, ఊగే పలకల మీద నడిచి, ఓడ కడుపులో బొగ్గు పోసేవారట. వాళ్ళలో ఒకర్తి ఈ సింహాచలమ్మ. మొగుడంటే ప్రాణం. ఆ మొగుడు ఇంకొకర్తి వైపు చూస్తే మాత్రం ఓర్చుకోలేదు. ఓ రాత్రి వాడు ఓడలో బొగ్గు గదిలో ఎవర్తితోనో ఉన్నాడని ఒకరు చెవిలో ఊదేరు. ఇంకేముంది... సరాసరి వెళ్ళి గది తలుపు తీసి, మొగుణ్ణి నిలువునా తగలబెట్టీసింది. తనూ అందులోనే మాడిపోయింది.

అదీ దాని కథ. కడుపుమంటతో మొగుణ్ణి కాల్చుకున్న ఆడది. అందుకే మా లైన్లో ఎవరైనా మొగుడి మీద అనుమానపడితే, "ఏటే, సింహాచలమ్మ పూనిందా?" అని ఎగతాళి చేసేవారు.

ఆ మాట ఎక్కువగా పడింది మా వదిన.

మా వదిన దాలమ్మ, మా అన్న గవరయ్య పెళ్ళాం. కార్పొరేషన్లో వీధులూడ్చే ఉద్యోగం. అడిగినవాళ్ళకి లేదనకుండా పెడతాది, కానీ మొగుడి విషయమొస్తే మనిషి మనిషి కాదు. మా అన్న ట్రాములో ఏ బెంగాలీ ఆవిడకో లేచి సీటిచ్చినా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మా అన్నేమైనా మన్మథుడా? చెప్పకూడదు గాని, ముందు పళ్ళు రెండు ఊడిపోయేయి. "వాణ్ణెవరు ఎత్తుకుపోతారు వదినా?" అంటే, "నువ్వు ఆడపడుచువి, అలాగే అంటావు," అనేది.

ఎర్రజెండా సర్కారు ఆఖరి రోజులవి. పాడుబడ్డ బొగ్గు జెట్టీకి ఓ కంపెనీవాళ్ళు కంచె వేసి, పెద్ద తెల్ల టాంకీ దించేరు. ఇకమీదట ఓడలకి డీజిలు బదులు గ్యాసు పోస్తారట. వంటింటి సిలిండర్లో గ్యాసు కాదు... మంచుగడ్డ కన్నా ఎన్నో రెట్లు చల్లబరిచి, నీళ్ళలా మార్చిన గ్యాసు. పడమటి సముద్రం వైపు నుంచి లారీల్లో వచ్చేది. ముందు ఒక్క లాంచీకి పోసి చూస్తారు, కుదిరితే రేవు రేవుకీ పెడతారు. పగలు జనం ఎక్కువని రాత్రిపూటే పోసేవారు.

వచ్చిన మర్నాడే కంపెనీవాళ్ళు కంచెకి పెద్ద బోర్డు కట్టేరు — ఇక్కడ బీడీ, సిగరెట్టు తాగరాదు. మా లైనంతా పడి పడి నవ్వింది. ఆ సంగతి సింహాచలమ్మ ఎప్పుడో చెప్పింది కదా అని.

యూనియన్ వాళ్ళు పేరిస్తే మా అన్నకి అక్కడ పని దొరికింది. ఒడ్డున గొట్టం చూసుకోవడం. లాంచీ మీద గొట్టం రెండో కొస చూసుకునేది మా మేనమామ కొడుకు పోలిరాజు. ఇద్దరి మధ్యా మాటలకి వాకీటాకీలు. పని మంచిదే. మాకందరికీ సంతోషమే.

వదినకి తప్ప.

ఓ పొద్దున్న వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "జగ్గమ్మా, మీ అన్న బీడీ మానేసేడే!"

"మంచిదే కదా వదినా."

"ఏటి మంచిది? నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. పిల్లల మీద ఒట్టేయించుకున్నాను. అప్పుడు మానేడా? ఇప్పుడెవర్తి చెప్పిందని మానేసేడు?"

కంపెనీ రూలది. నిప్పు దరిదాపుల్లోకి రాకూడదు, అగ్గిపెట్టె కూడా ఇంట్లోనే వదిలెయ్యాలి. మా అన్న నెత్తీ నోరూ బాదుకుని చెప్పేడు. ఆవిడ వింటేనా?

తర్వాత చేతికున్న ఇనప కడియం తీసేసేడు. వదిన పుట్టింటివాళ్ళు పెట్టిన కడియమది. ఇనుము ఇనుముకి తగిలితే నిప్పురవ్వ లేస్తాదని అదీ వద్దన్నారట. ఆ తర్వాత, ఒంటికి రాసుకుంటే రవ్వలు పుడతాయని టెర్లిన్ చొక్కా వద్దన్నాడు, నూలు చొక్కా ఉతికి పెట్టమన్నాడు. పెళ్ళాం ఇచ్చిన కడియం తీసేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, రాత్రయ్యేసరికి బయల్దేరే మగాణ్ణి చూసి ఏ ఆడది ఊరుకుంటాది? అదీ ఆవిడ గోల.

వీటన్నిటికన్నా వదినని తినేసింది వేరే ఉంది.

"వాసన లేదే," అంది ఓరోజు. గొంతు తగ్గించి అంది. "ఇదివరకు డీజిలు కంపో, చెమట కంపో, బీడీ కంపో... కళ్ళు మూసుకున్నా నా మొగుడని తెలిసేది. ఇప్పుడు తెల్లారి వచ్చి పక్కన పడుకుంటే ఏ వాసనా లేదు. చేతులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఈ ఎండల్లో, జగ్గమ్మా! ఎవర్తిని ముట్టుకుని వస్తున్నాడు?"

అంటూ అంటూ ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది.

చల్లటి చేతులు... బీడీ ఒప్పుకోని ఆడది... బొగ్గు జెట్టీ.

"అదే," అంది గుసగుసగా. "సింహాచలమ్మే. తన మొగుణ్ణి కాల్చుకుని ఇప్పుడు నా మొగుడి మీద పడింది."

"చాల్లే వదినా, నోరు ముయ్యి!" అన్నాను గాని, నాకూ ఒళ్ళు జలదరించింది.

బతికున్న ఆడదైతే జుట్టు పట్టి రోడ్డు మీదకి ఈడ్చేది మా వదిన. చచ్చినదాన్నేం చెయ్యాలి? దానికీ ఉపాయం చెప్పింది పక్కింటి అప్పమ్మ. కర్పూరం ముద్ద వెలిగించి మొహాన కొడితే ఎంతటి దెయ్యమైనా మగాణ్ణి వదిలి పోతాదట. అప్పమ్మ నోరు పడ!

ఇక్కణ్ణుంచి వదిన చెప్పగా నేను విన్నది.

ఆ రాత్రి ఉక్కపోత. ఆకు కదలడం లేదు. మా అన్న అన్నం తిని బయల్దేరేడు. వెళ్తూ గోడ అద్దంలో ఓసారి చూసుకున్నాడట. ఆ ఒక్క చూపుతో వదినకి ఉన్న కాస్త ఓపికా పోయింది. కర్పూరం కొంగున ముడేసుకుంది. గూట్లో అగ్గిపెట్టె కనిపించింది. మా అన్నదే... కంపెనీ వద్దందని వదిలి వెళ్ళినది. అదే తీసుకుంది.

గేటు వైపు వెళ్తే కాపలా దాదాలు ఆపుతారు. డాక్ గోడకి వెనకవైపు ఓ కంత ఉంది, మా లైన్ పిల్లలంతా అందులోంచే దూరేవారు. వదినా దూరింది. ఆ ఇటుకలకి పాతకాలపు బొగ్గు మసి ఇంకా పట్టే ఉంది.

లోపల చడీచప్పుడూ లేదు. మెట్లకి నీళ్ళు తగులుతున్న చప్పుడొక్కటే. కంచె తలుపు ఓరగా తీసి ఉంది. టాంకీ అవతల చిన్న వెలుగు. వదిన చెప్పులు విడిచేసి, అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళింది.

అప్పుడు వినబడింది మా అన్న గొంతు.

"మెల్లగా... తొందరేటి..."

వదిన ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఆఁ... అలగే... కుసింత... భయమెందుకు, నేనున్నాను కదా..."

అంత మెత్తగా మా అన్న పెళ్ళైన కొత్తలో కూడా ఆవిడతో మాట్లాడలేదట. ఇది చెప్పేటప్పుడు వదిన ఇప్పటికీ ఏడుస్తాది.

టాంకీ చాటు నుంచి తొంగి చూసింది. ఈ వైపుకి వీపు పెట్టి మా అన్న ఒక్కడే నిలబడ్డాడు... కాదు. ఒక్కడే కాదు.

కాళ్ళ దగ్గర తెల్లగా ఏదో ఉంది. తెల్ల చీర కుచ్చెళ్ళు నేల మీద పరిచినట్టుంది. మొహం లేదు, పాదాలు లేవు. మెల్లగా పాకింది... లేచింది... మా అన్న మోకాళ్ళని చుట్టుకుంది. మా అన్న కదల్లేదు. తల వంచి దాన్నే చూస్తున్నాడు.

"భయం వెయ్యలేదే జగ్గమ్మా," అంది వదిన నాతో. "నా చోట్లో నిలబడిందే అని ఒళ్ళు మండిపోయింది. అది దెయ్యమైతే నాకేటి, దేవతైతే నాకేటి?"

కర్పూరం అరచేతిలో పెట్టుకుంది. ఆ తెల్లటిది మా అన్నని వదిలి ఇటు తిరిగింది. నేలబారున ఆవిడ వైపే వస్తోంది. రావే... రా... నీ సంగతి చెప్తాను... అనుకుంటూ వదిన పుల్ల గీసింది.

భగ్గుమంది.

ఉఫ్...

ఆరిపోయింది. ఎక్కడా గాలి లేదు.

వదిన పళ్ళు కొరుక్కుంటూ రెండో పుల్ల తీసింది. తెల్లటిది కాలివేళ్ళ దాకా వచ్చేసింది. పాదాలు కొంకర్లు పోయేంత చలి. పుల్ల పెట్టె మీద ఆనించింది —

వెనకనుంచి ఎవరో మణికట్టు పట్టుకున్నారు.

గరుకు చెయ్యి. బరువులు మోసి కాయలు కాసిన ఆడచెయ్యి. చల్లగా లేదు... పొయ్యిలోంచి తీసినంత వేడిగా ఉంది. చెవి పక్కన ఊపిరి తగిలింది. ఆ ఊపిరిలో ఏదో మాట...

వదిన పెట్టిన కేకకి లాంచీ మీదున్న పోలిరాజు కూడా ఉలిక్కిపడ్డాడట.

మా అన్న వెనక్కి తిరిగేడు. పెళ్ళాన్ని చూసేడు. చేతిలో అగ్గిపెట్టె చూసేడు. "పోలిరాజూ, మూసెయ్! బేగి మూసెయ్!" అని వాకీటాకీలో అరిచి, ఒక్క ఉరుకున వచ్చి అగ్గిపెట్టె లాక్కుని నీళ్ళలో విసిరేసేడు. వదినని రెండు చేతులా ఎత్తుకుని కంచె బయటకి పరిగెత్తేడు. బయట కూలబడ్డాడు.

"ఏటి చేసేవే దాలీ... ఏటి చేసేవే..."

"ఎవర్తి మావా అది?" అంది వదిన. అప్పటికీ అదే ప్రశ్న.

అది గ్యాసు. గొట్టం మూతి దగ్గర కాస్త కారింది. చల్లటి గ్యాసు కారితే గాల్లో తేమ తెల్లటి పొగలా కడతాది, నేల మీద పాకుతాది, వాసనుండదు. రెండో కొస ఎలా మూసుకోవాలో, కంగారుపడుతున్న పోలిరాజుకి మా అన్న వాకీటాకీలో నచ్చచెప్తున్నాడు. ఆ బుజ్జగింపంతా పోలిరాజు మీసాలకి! ఆ పొగలో ఒక్క పుల్ల వెలిగుంటే మా అన్న, మా వదిన, లాంచీ, పోలిరాజు... బూడిద కూడా దొరికేది కాదు.

వదిన మణికట్టు మీద నల్లగా ఐదు వేళ్ళ అచ్చు ఉంది. నేను నా కళ్ళతో చూసేను. "కంతలోంచి దూరేవు కదా, మసంటుకుంది," అన్నాడు మా అన్న. కావచ్చు. మొదటి పుల్ల నెమ్ము పట్టి ఆరిపోయుంటాదన్నాడు. అదీ కావచ్చు. నేను వాదించను.

మర్నాడు మా ఇంట్లో టీ తాగుతూ పోలిరాజు ఓ మాటన్నాడు. ఇంజనీరు చెప్పేడట వాడికి. ఈ కొత్త గ్యాసే కాదు, పాతరోజుల్లో బొగ్గూ ఇంతేనట. మూసిన గదిలో బొగ్గు నిలవుంటే దానంతటదే గ్యాసు ఊరుతాదట. తెలియక చేత్తో దీపం పట్టుకుని తలుపు తీసినవాళ్ళు అలాగే పోయేవారట.

వదిన చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

ఆ కంపెనీ వెళ్ళిపోయింది, టాంకీ తుప్పు పట్టింది. మా అన్న మళ్ళీ బీడీ మొదలెట్టేడు, వదిన ఏమీ అనదు. "సింహాచలమ్మ పూనిందా" అని మా లైన్లో ఎవరైనా అంటే మాత్రం చీపురు తిరగేస్తాది. ఎందుకో చాలాకాలం నాకు చెప్పలేదు. ఓ రాత్రి డాబా మీద ఇద్దరమే ఉన్నప్పుడు మణికట్టు తడుముకుంటూ చెప్పింది... చెవి పక్కన ఆ వేడి ఊపిరి ఏటన్నదో.

"'నేనూ చూద్దామనే దీపం ఎలిగించేను తల్లీ... గదిలో ఆడొక్కడే ఉన్నాడు.'"