ఒకే జగ్గులో మూడు కాఫీలు

పొద్దున ఆరు కొట్టకముందే ఆయన కొట్టు షట్టర్ పైకెత్తాడు. ఇల్లాలు అప్పటికే మెషీన్ వేడెక్కించి, కప్పులు తుడిచి పేర్చి, స్టూలు మీద కూలబడింది. ఇంకా మొదటి కాఫీ కూడా దిగలేదు, ఆమెకి మాత్రం రోజంతా అయిపోయినట్టే ఉంది. పద్నాలుగేళ్ళుగా మెట్లు దిగితే కొట్టు, ఎక్కితే ఇల్లు. ఈ మధ్య ఆ పన్నెండు మెట్లు దిగడానికి కూడా ఓపిక కూడగట్టుకోవాల్సి వస్తోంది.

కొట్టు చిన్నదే, గోడ మీద పేర్లు మాత్రం గొప్పవి. ఎస్ప్రెస్సో అంటే చిక్కటి కాఫీ, రెండు గుక్కలు. దాన్నే వేడినీళ్ళతో పొడిగిస్తే అమెరికానో. వీటితో ఏ పేచీ లేదు. తిరకాసంతా పాలు పడే వాటి దగ్గరే. ఈ కొట్టులో ఒక పెద్ద జగ్గు నిండా పాలు పోసి, మెషీన్‌కున్న ఆవిరి గొట్టం కింద ఒక చెక్క పీట వేసి, దాని మీద పెడతారు. పాలు తమంతట తామే వేడెక్కి నురగ కడతాయి. ఆ పాలే పెద్ద కప్పులో కాఫీ మీద పోస్తే లాటే, మధ్యరకం కప్పులో పోస్తే కాపుచినో, చిన్న కప్పులో పోస్తే ఫ్లాట్ వైట్.

ఆ పీట ఆయన స్వయంగా రంపం పట్టి కోసి చేసింది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. "మా ఆవిడ కనిపెట్టిన పద్ధతండీ ఇది. చెయ్యి పెట్టే పనే లేదు" అని పొంగిపోతాడు. ఆవిడ ఓ నవ్వు నవ్వి ఊరుకుంటుంది.

ఆరున్నరకి కూతురు కిందికి దిగింది. ముందురోజు ఆ పిల్ల ఒక పెద్ద హోటల్లో కాఫీ చేసే ఉద్యోగానికి పరీక్షకి వెళ్ళింది. సాయంత్రం వచ్చి, తిండి కూడా ముట్టకుండా గది తలుపేసుకుంది. ఇప్పుడు చూస్తే కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమ్మా, నిన్న సంగతి చెప్పనే లేదు. ఏమిచ్చారేంటి, ఉద్యోగమా?" అన్నాడు తండ్రి, వచ్చే నవ్వుని ఆపుకోకుండా.

"ఇచ్చారు నాన్నా. నవ్వులు. కడుపునిండా."

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. పక్క కొట్టు దర్జీ ఒక్కడే అప్పటికి వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. అతను కూడా చెవులు రిక్కించాడు.

"లాటే, కాపుచినో, ఫ్లాట్ వైట్ చెయ్యమని జగ్గు చేతికిచ్చారు. నేను 'పీట ఏదండీ' అని అడిగాను. 'పీటెందుకమ్మా' అన్నాడు అక్కడి పెద్దాయన. 'జగ్గు పెట్టడానికి' అన్నాను. అక్కడున్న నలుగురూ పడీ పడీ నవ్వారు."

"నవ్వితే నవ్వారు, తర్వాత?"

"ఏదో తంటాలు పడి మూడు కప్పులూ ముందు పెట్టాను. ఆయన చెంచాతో నురగ పక్కకి తోసి ఒక్కొక్కటీ చూశాడు. 'అమ్మాయ్, కప్పులు మూడు, కాఫీ ఒక్కటే. నీకెవరు నేర్పారు?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మ అన్నాను."

స్టూలు మీదున్న తల్లికి తల కొట్టేసినట్టయింది. మెషీన్ వైపు తిరిగి, శుభ్రంగా ఉన్న చోటే మళ్ళీ తుడిచింది.

"వాళ్ళకేం తెలుసు? ఇన్నేళ్ళుగా జనం తాగట్లేదూ?" అంటూ తండ్రి దర్జీని సాక్ష్యానికి పిలిచాడు. "మీరు చెప్పండి, మన కాపుచినోకి ఏం తక్కువ?"

"నాకు కాపుచినో అంటే ఈ నీలం కప్పండీ. ఇందులో ఏం పోసినా తాగుతాను" అన్నాడు దర్జీ నిజాయితీగా. ఆ సాక్ష్యంతో కేసు ఇంకా పాడైంది.

కూతురు తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది. "రాత్రంతా చదివానమ్మా. కాపుచినోకి నురగ మందంగా, చెంచా నిలిచేలా ఉండాలట. లాటేకి పాలెక్కువ, పైన నురగ సన్నటి పొర. ఫ్లాట్ వైట్‌కి నురగ విడిగా కనిపించకూడదు, పాలల్లోనే కలిసిపోవాలి, పాలు తక్కువ కాబట్టి కాఫీ ఘాటు ముందుకు రావాలి. మూడింటికీ పాలు మూడు రకాలుగా కాయాలి. నీకిది తెలుసా, తెలీదా?"

తల్లి తుడిచే గుడ్డ పక్కన పెట్టింది. తెలియదు అంటే అక్కడితో గొడవ వదిలిపోతుంది. కానీ ఆ వాచిన కళ్ళలోకి చూస్తూ అబద్ధం నోటికి రాలేదు.

"తెలుసు" అంది.

"తెలిసే నాకు తప్పు నేర్పావా? నేనేం పాపం చేశానమ్మా నీకు?"

దర్జీ కప్పు కింద పెట్టి, ఎవరూ పిలవకపోయినా "వస్తున్నా" అంటూ బయటికి జారుకున్నాడు.

"గురువారం మళ్ళీ రమ్మన్నారు. అదే ఆఖరంట" అంటూ కూతురు పీట లాగి పక్కన పడేసింది. చిన్న జగ్గులో పాలు పోసి తల్లి ముందు పెట్టింది. "చేసి చూపించు. కాపుచినో. చేత్తో పట్టుకుని."

"ఇప్పుడా? వచ్చేవాళ్ళు వస్తారే..."

"ఇప్పుడే."

తల్లి లేచింది. కుడిచేత్తో జగ్గు పట్టుకుని, మణికట్టు వంచి, గొట్టం మొన పాలకి తాకీ తాకనట్టు పెట్టి ఆవిరి వదిలింది. కాగితం సన్నగా చింపుతున్న చప్పుడొచ్చింది. పాలు గిరగిరా తిరుగుతూ పైకి లేచాయి. కూతురు నోరు తెరుచుకుని చూస్తోంది. పీట మీద జగ్గు ఏనాడూ ఆ చప్పుడు చెయ్యలేదు.

అంతలోనే వేళ్ళు వదిలేశాయి. జగ్గు కిందపడి, పాలు కాళ్ళ మీదుగా గచ్చంతా పారాయి. తండ్రి పరిగెత్తుకొచ్చి ఆవిరి కట్టేశాడు. ఆమె వంగి జగ్గు తియ్యబోయింది, వేళ్ళు ముడుచుకోలేదు. రెండోసారి ప్రయత్నించి మానేసింది.

"ఏమైంది నీ చేతికి?" అన్నాడాయన.

దాచుకోవడానికి కూడా ఓపిక ఉండాలి. ఆ ఓపిక ఆమె దగ్గర ఇక లేదు.

"ఇప్పుడు కాదండీ. తొమ్మిదేళ్ళయింది. రోజుకి వందసార్లు ఇలాగే వంచి, తిప్పి, ఒకరోజు పట్టు పోయింది. కొన్నాళ్ళు ఈ పని మానెయ్యమంది డాక్టరమ్మ. మానేస్తే ఎలా? మీరొక్కరే అంత పని చెయ్యలేరు. ఇది అప్పుడు ఏడో తరగతి. నా చెయ్యి సంగతి తెలిస్తే బడి ఎగ్గొట్టి జగ్గు పట్టుకునేది. దీని సంగతి నాకు తెలీదా? అందుకే పీట చెయ్యమని మిమ్మల్ని అడిగాను."

"నేర్పేటప్పుడైనా చెప్పొచ్చుగా అమ్మా" అంది కూతురు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"ఇది నోటితో చెబితే వచ్చేది కాదే, చేసి చూపించాలి. చూపిస్తే దొరికిపోతాను. నువ్వు చదువైపోయాక ఇంకేదో పనికి వెళ్ళిపోతావు, ఈ తప్పు నీకు అడ్డురాదులే అనుకున్నాను. నీ మనసు కాఫీ మీదే పడుతుందని కలగన్నానా?"

తండ్రి వంగి పీట చేతిలోకి తీసుకుని దాని వైపే చూశాడు. "ఊరందరికీ చూపించాను. గొప్పగా చెప్పుకున్నాను. నీకు నొప్పి అని ఒక్కనాడూ తట్టలేదే నాకు" అన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది. తొమ్మిదేళ్ళు మూరెడు దూరంలో నిలబడి పనిచేసిన మనిషికి అంతకంటే సిగ్గు ఏముంటుంది?

"గురువారం నేను వెళ్ళను. ఇక్కడ నేనుంటాను, నువ్వు పైకెళ్ళి పడుకో" అంది కూతురు.

అప్పుడు కస్సుమంది తల్లి. "నోర్ముయ్! నువ్వు ఇక్కడ నిలబడకూడదనే ఇన్నాళ్ళు పళ్ళ బిగువున లాక్కొచ్చాను. ఇప్పుడు నువ్వే వచ్చి నిలబడితే నా చెయ్యి ఎందుకు పోయినట్టు?"

తండ్రి షట్టర్ సగానికి దించి, చేతులు కడుక్కుని వచ్చాడు. "అది వెళ్తుంది. ఇక్కడ జగ్గు నేను పట్టుకుంటాను. నువ్వు కూర్చుని చెప్పు, ఇద్దరికీ. తప్పు చేస్తే తిట్టు."

ఆమె స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. చూడాల్సిన పని లేదు, చప్పుడే చెబుతుంది. "గొట్టం పైపైనే ఉంచు. గాలి తాగనీ. ఇంకా, ఇంకా... ఇప్పుడు ముంచు. అదీ కాపుచినో." తర్వాత లాటే. "గాలి కొంచెం చాలు. రెండు అంకెలు లెక్కపెట్టి ముంచెయ్." ఫ్లాట్ వైట్‌కి ఒక్క అంకె. కూతురు మూడోసారికే చెయ్యి కుదుర్చుకుంది. తండ్రి వంతు వచ్చేసరికి నురగ బుసబుసమని పొంగి ఆయన మీసాల దాకా ఎగిరింది.

"ఇది కాపుచినోనా నాన్నా, సబ్బు నీళ్ళా?"

"రెండూ. తాగొచ్చు, బట్టలూ ఉతుక్కోవచ్చు" అన్నాడాయన మీసం తుడుచుకుంటూ. ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ఆయన వచ్చి ఆమె ముందు గచ్చు మీద కూర్చుని, ఆ కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎక్కడ నొప్పి?"

ఏం లేదులెండి అనబోయింది.

"ఇక్కడ" అని బొటనవేలి మొదలు చూపించింది. "ఇక్కణ్ణుంచి మోచేతి దాకా లాగుతుందండీ. పొద్దున లేచేసరికి మరీ ఎక్కువ. జడ కూడా వేసుకోలేకపోతున్నాను. అందుకే ఎప్పుడూ ఇలా ముడి చుట్టేసుకుంటున్నా."

అనేశాక ఇక ఆగలేదు. తొమ్మిదేళ్ళ ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. షట్టర్ అవతల ఎవరో పిలిచారు, వీళ్ళు పలకలేదు. కూతురు చేతులు తుడుచుకుని వచ్చి, తల్లి వెనక నిలబడి, ఆ ముడి విప్పి మెల్లగా జడ అల్లడం మొదలుపెట్టింది.