గోడమింగి

చేప మళ్లీ గుద్దుకుంది. అద్దం అదిరింది.

"ఆపేయండమ్మా! దాని మూతి చితికిపోతంది," అన్నాడు సర్వేశం. భీమిలి దగ్గరి ఆ ల్యాబ్‌లో చేపలకు మేత వేసేది అతనే. ఆ పండుగప్ప చేపను వేలెడంత పిల్లప్పటి నుంచి సాకాడు.

డాక్టర్ హైమావతి స్విచ్ మీద చెయ్యి వేసింది గానీ నొక్కలేదు.

చిన్న తొట్టిలో సముద్రపు చేప ఎందుకు గిడసబారిపోతుంది? నీళ్లు చాలక అనుకుంటాం మీరూ నేనూ. ఆవిడ అలా అనుకోలేదు. చేప ఈదితే నీరు కదులుతుంది. ఆ కదలిక గోడకు తగిలి తిరిగొస్తుంది. చేప దాన్ని ఒంటితోనే పసిగట్టి, బెదిరి, ఎదగడం మానేస్తుందట. ఆ తిరిగొచ్చే కదలికను చెరిపేసే మిషన్ ఒకటి చేసిందావిడ. దానికి మూరెడు ఇంగ్లీషు పేరుంది. ల్యాబ్‌లో అందరూ గోడమింగి అంటారు. ఆరు నెలల్లో చేప నాలుగింతలైంది. గోడ లేదనుకుని తిన్నగా పోయి గుద్దుకుంటోంది, అదొక్కటే చిక్కు!

"పెద్ద తొట్టిలో వేసేయండమ్మా, మీకు పున్నెముంటాది."

"పెద్ద తొట్టి ఎక్కడుంది సర్వేశం?"

నీళ్లలో ఎర్రటి చార కనిపించింది. ఆవిడ స్విచ్ నొక్కి గోడమింగిని ఆపేసింది. చేప ఉన్నచోటే బిగుసుకుపోయి వణకసాగింది. మేత వేస్తే చూడనైనా లేదు. మర్నాటికి పక్కకు ఒరిగిపోయింది.

"సచ్చిపోతందమ్మా! మిషను వేసేయండి, వేసేయండి!" అని సర్వేశమే ఏడుపు గొంతుతో అరిచాడు.

వేసింది. చేప లేచింది, ఈదింది, గుద్దుకుంది.

ల్యాబ్ చూడ్డానికి వచ్చిన ఓ ఇళ్ల కంపెనీ పెద్దమనిషి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. "గది ఎంతుందో మనిషికీ చెవితో తెలుస్తుంది కదా మేడమ్? మన మాట గోడకు తగిలి వెనక్కొస్తుందిగా?" అని అడిగాడు. తెలుస్తుందంది ఆవిడ. "అయితే చెవి సంగతి మీరు చూడండి. కంటికి మా దగ్గర ఆకాశం చూపించే గోడ తెరలున్నాయి."

ఏడాది తిరిగేసరికి సర్వేశానికి ఆ కంపెనీ కట్టిన కొత్త క్వార్టర్సు వచ్చింది. "ఇల్లు కాదమ్మా, మైదానం! ఓసారి రావాల," అని పట్టుబట్టి పిలిచాడు.

తలుపు తీయగానే ఎటు చూసినా ఆకాశమే. ఆవిడకు అనుమానమొచ్చి రెండు చేతులూ చాపింది. రెండు అరచేతులకూ గోడలు తగిలాయి.

సర్వేశం ముక్కు మీద పట్టీ ఉంది. అతని భార్య నుదుటి మీద బొప్పి.

"ఇదేంటి సర్వేశం?"

"ఏటోనమ్మా, పరాగ్గా ఉన్నప్పుడు తగిలేస్తంది," అని నవ్వాడు.

ఆవిడ గోడంతా తడిమి స్విచ్ పట్టుకుంది. సర్వేశం భార్య ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి గట్టిగా పట్టేసింది.

"ఆపకండమ్మా, మీకు దండం పెడతాను! మొన్న కరెంటు పోతే ఊపిరాడక సచ్చిపోయినంత పనైంది."