ఏడు దీవుల దగ్గర మంట

"టీ పొయ్యి వల్ల ఓడ కాలిపోయిందన్నారు. పచ్చి అబద్ధం," అన్నాడు చీఫ్ కువా.

షాంతౌ రేవు వెనక బియ్యం గోదాములో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఏజెంట్ ఎంగ్‌హాక్ చేతులు కట్టుకుని వింటున్నాడు. పోయిన నెల సింగపూర్ వెళ్తున్న వలస ఓడ సిన్‌హోక్ నడిసముద్రంలో తగలబడింది. కింది అరలో కిక్కిరిసిన జనంలో ఒక్కరూ మెట్లెక్కి పైకి రాలేకపోయారు.

"ఎవరి పని?"

"శత్రువుల ముఠా. సముద్రం దాటిన మనవాళ్ళు యుద్ధానికి సాయం పంపుతున్నారుగా, ఇక ఎవరూ ఓడ ఎక్కకూడదని వాళ్ళ పంతం. ఈసారి కియాంగ్‌సెంగ్ ఓడ వంతు."

ఎంగ్‌హాక్ ముఖం పాలిపోయింది. "అందులో మా చెల్లెలు పిల్లలతో వెళ్తోంది."

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో నాకూ తెలీదు. కోడ్ విను. 'టీ చల్లారిందా?' అని అడుగు. ఆ మనిషి 'మూడో కప్పు వేడిగానే ఉంది' అనాలి."

ఎంగ్‌హాక్ మంగలి వేషంలో ఓడెక్కాడు. కత్తుల పెట్టె అడుగున పిస్టల్ ఉంది. గడ్డం గీయించుకున్న ప్రతివాడినీ టీ చల్లారిందా అని అడిగాడు. పాపం, వాళ్ళు మర్యాదస్తులు. తలా ఒక కప్పు వేడి టీ తెచ్చిచ్చారు.

చెల్లెలు సోక్ కిసుక్కున నవ్వింది. "ఊళ్ళో దుకాణం మూసి మంగలివయ్యావు, బానే ఉంది. గీసేది తక్కువ, తాగేది ఎక్కువ! నీకు పిల్లనెవరిస్తారన్నా?"

అతనూ నవ్వాడు. నవ్వుతూనే చుట్టూ ఉన్న ముఖాలన్నీ వెతికాడు.

అతని అనుమానమంతా పెక్‌లాన్ మీదే. పేరుమోసిన నాటకాల గాయని. శత్రువుల ఆఫీసర్లతో విందులు చేసిన మనిషి. ఇప్పుడు తెల్లటి సంతాప దుస్తుల్లో, మొగుడు సిన్‌హోక్‌లో పోయాడని ఏడుస్తోంది. పక్కన మరిది తియో. ఆమెను క్షణం ఒంటరిగా వదలడు. ఆమెను పలకరించే సందే దొరకలేదు.

సాయంత్రానికి ఏడు దీవుల దగ్గరి నీళ్ళొచ్చాయి. అక్కడ మునిగిపోయినవాళ్ళ ఆత్మలకు కానుకగా కాగితం కాల్చకుండా ఏ ఓడా ముందుకు పోదు. కింది అరకు దిగే మెట్ల పక్కనే ఇనుప పీపాలో మంట వేశారు. ఆ మెట్ల కిందే సోక్ పిల్లలకు అన్నం పెడుతోంది.

పెక్‌లాన్ లావుపాటి కాగితాల కట్ట పట్టుకొచ్చింది. తియో మెల్లగా వెనక్కి జరిగాడు.

కట్ట బంగారు రంగులో మెరిసింది.

ఎంగ్‌హాక్ ఉలిక్కిపడ్డాడు. బంగారు కాగితం దేవుళ్ళకు, వెండి కాగితం చచ్చినవాళ్ళకు. ఈ సంగతి చనుబాలు తాగే పిల్లకైనా తెలుసు. షాంతౌలో పుట్టి పెరిగిన పెక్‌లాన్‌కు తెలియదా? ఆమె సూటిగా అతన్నే చూస్తోంది. కళ్ళలో కన్నీళ్ళు లేవు. ఉన్నదల్లా భయమే.

పొరపాటు కాదు, సైగ. టీ ప్రశ్న ఆమె చెవినా పడింది; ఆ కట్టలో మందుగుండు ఉంది. మొగుడు పోయాడన్నదీ నాటకమే. మన మనిషి ఈవిడే!

"ఆగండి!"

అతను అరిచేలోపే తియో దూసుకొచ్చి కట్టను లాక్కున్నాడు, పీపాలోకి విసరబోయాడు. ఎంగ్‌హాక్ అతని మీద పడ్డాడు. కట్ట పీపా అంచు మీద పడి, దారానికి నిప్పంటుకుంది. పెక్‌లాన్ మండుతున్న దాన్ని ఒట్టి చేతులతో ఎత్తి ఓడ అంచు కమ్మీల అవతలికి గిరాటేసింది. తియో పిస్టల్ ఆమె వైపు లేచింది. ఎంగ్‌హాక్ పిస్టలే ముందు పేలింది. తియో కమ్మీల మీంచి వెనక్కి ఒరిగిన క్షణంలోనే కట్ట గాల్లో ఢామ్మని పేలి అతన్ని మింగేసింది.

నిప్పులు వానలా కురిశాయి. మెట్లకు కప్పిన తారుగుడ్డ భగ్గుమంది. కింద పిల్లల కేకలు. ఒక ముసలి నావికుడు ఆ గుడ్డను వాటేసుకుని పీకి పక్కకు దొర్లాడు. మళ్ళీ లేవలేదు. జనం బకెట్లతో, అన్నం కుండలతో, చేతికందినదానితో నీళ్ళు కుమ్మరించారు. మంట చచ్చింది.

సోక్ పిల్లలను చంకనేసుకుని పైకొచ్చింది. అన్నను చూసి బావురుమంది. ఎంగ్‌హాక్ కూడా సిగ్గు విడిచి ఏడ్చాడు. తర్వాత అందరూ ఆ నావికుడికి వెండి కాగితం కాల్చారు.

పెక్‌లాన్ కాలిన చేతులకు కట్టు కడుతూ ఎంగ్‌హాక్ అడిగాడు. "తియో పక్కనే ఉన్నాడుగా. వాడు రంగు గుర్తుపట్టి ఉంటే?"

"కట్ట నన్నే చుట్టమన్నాడు. వాడు నా మరిదీ కాదు, మన దేశంవాడూ కాదు. రెండేళ్ళు మన మధ్య ఉన్నాడయ్యా. మన భాష, మన తిండి, మన తిట్లు అన్నీ నేర్చాడు," అంది ఆమె. "చచ్చినవాళ్ళకు ఏమిస్తామో మాత్రం ఒక్కసారీ అడగలేదు. చంపే పనిలో పడి తీరిక దొరకలేదేమో."