నలభై ఖాళీ రౌండ్లు

హైదరాబాదులో ప్రకటనలు కంటికి కనపడడం మానేసి పందొమ్మిదేళ్లయింది. ఇప్పుడు, అంటే 2071లో, పదేళ్లు నిండిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ కంటిపొర మీద ‘జల్లెడ’ వేయిస్తున్నారు. సబ్బు బొమ్మయినా సినిమా పోస్టరయినా, ఎవరో ఏదో అమ్మజూపుతున్నారని జల్లెడకు అనుమానం వస్తే చాలు, అక్కడ ఉత్త బూడిదరంగు గోడ కనపడుతుంది. మొదట్లో జనం అమ్మయ్య అనుకున్నారు. అమ్ముకునేవాళ్లు నెత్తిన చేతులు పెట్టుకున్నారు.

జల్లెడ వదిలేసేవి రెండే రెండు. ఒకటి దోస్తు నోటి మాట. రెండోది చావు ఫ్లెక్సీ. కొత్తలో ఎవరో కుర్రవాడి ‘కన్నీటి వీడ్కోలు’ ఫ్లెక్సీని జల్లెడ ప్రకటనే అనుకుని చెరిపేసింది. కన్నతల్లికి గల్లీ మొగలో కొడుకు మొహం కనపడలేదు. పెద్ద లొల్లి జరిగి చట్టం మార్చారు. అప్పటినుంచీ పోయినవాళ్ల బొమ్మ జోలికి జల్లెడ పోదు. గుడ్డ ఫ్లెక్సీలు పోయి తెరగోడలు వచ్చాయి గానీ ఆచారం మాత్రం పాతదే. పైన పోయినవాడి నిలువెత్తు బొమ్మ, కింద చిన్న చిన్న రౌండ్లలో దోస్తుల మొహాలు. ఎవరికి ఎన్ని రౌండ్లుంటే బస్తీలో వాడికంత విలువ.

డాక్టర్ మందాకిని చదివింది అంటురోగాల గణితం. రోగం మనిషినుంచి మనిషికి ఎలా పాకుతుందో చెప్పే లెక్కనే, మోజు ఎలా పాకుతుందో చెప్పేలా ఆమె తిరగరాసింది. ఆ లెక్కతో చేసిన యంత్రానికి ‘మొలక’ అని పేరు పెట్టింది. ఏ బస్తీలో ఏ బ్యాచ్ ఎక్కడ చాయ్ తాగుతుంది, అందులో ఎవరి మాటకు మిగతావాళ్లు తలాడిస్తారు, ఒక మాట ఎన్ని నోళ్లు దాటాక చప్పబడుతుంది, అన్నీ మొలకకు తెలుసు. ‘పలుకు’ అనే కంపెనీ ఆ యంత్రాన్నీ, దానితోపాటు మందాకినినీ తీసుకుంది.

ఈసారి అమ్మాల్సింది ‘ఉరుము’ అనే పసుపు బూట్లు, పాతికేళ్ల లోపువాళ్లకు. మొలక పదకొండు నిమిషాలు ఆలోచించి ఒక చావు ఫ్లెక్సీ గీసింది. ఇరవై రెండేళ్ల సన్నీ. చక్కటి నవ్వు, కాళ్లకు పసుపు బూట్లు. అలాంటి మనిషి ఎక్కడా పుట్టలేదు. కింద నలభై రౌండ్లు, నలభైకి నలభై ఖాళీ. గోడకు బొటనవేలు ఆనిస్తే ఆనించినవాళ్ల మొహం ఒక రౌండులోకి వచ్చి కూర్చుంటుంది.

కంపెనీ తరఫున బస్తీలు తిరిగే ఇలియాస్ ఆ బొమ్మ చూసి చెవులు పట్టుకున్నాడు.

“తోబా తోబా! మేడం, గిది మస్తు పాపం. చావుతోని బేరమా?”

“పుట్టనివాడు చచ్చిపోతే ఎవరికి నష్టం, ఇలియాస్?” అంది మందాకిని. ఆ మాట అన్నందుకు తరువాత ఆమె ఎంత ఏడ్చినా ఏం లాభం, అన్నది అన్నదే.

నగరమంతా మూడొందల గల్లీ మొగల్లో సన్నీ నవ్వుతూ నిలబడ్డాడు. తెల్లారేసరికి ఒక్క రౌండూ ఖాళీ లేదు. “మనోడే, నాతోనే తిరిగేటోడు” అని ఒకడు, “మొన్ననే కలిసిండు గదరా” అని ఇంకొకడు. లేనివాడికి ఇన్ని జ్ఞాపకాలు ఎక్కడినుంచి వచ్చాయో మందాకినికి అంతుపట్టలేదు. నాలుగో రోజుకు పసుపు బూట్లు దుకాణాల్లో అయిపోయాయి. కంపెనీలో కేకు కోశారు, ఆమె కూడా ఒక ముక్క తింది.

ఆరో రోజు మధ్యాహ్నం ఇలియాస్ ఆఫీసులోకి దాదాపు పరిగెత్తుకొచ్చాడు.

“వారాసిగూడ గోడకాడ ఒక పోరి కూసుంది మేడం. శ్రీనిక అని. మూడోనాడు సన్నీకి పిట్టకు పెట్టిన్రు అందరు గలిసి. పిట్ట ముట్టలే. పిట్ట ముట్టేదాక నేను తిననని ఆ పిల్ల మొండికేసింది. మూడు దినాలైంది, మంచినీళ్లే.”

మందాకిని కోస్తా మనిషి. పిట్టకు పెట్టుడంటే ఏమిటో ఇలియాసే చెప్పాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి మూడోనాడు పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అది ముట్టేవరకు ఇంట్లోవాళ్లు ముద్ద ఎత్తరు. కాకపోతే డ్రోన్ల దెబ్బకు ఈ నగరంలో కాకులు కనపడి ఎన్నాళ్లయిందో! వచ్చే పిట్టేది?

“మొలకా, ఆ అమ్మాయి సంగతి నీకు తెలుసా?” అని యంత్రాన్ని అడిగింది.

“తెలుసు. ఆమె ఉపవాసాన్ని ఇప్పటికి ఇరవై లక్షలమంది చూశారు. ఈ ప్రచారంలో అన్నిటికంటే బలమైన నోరు ఆమెదే. పదకొండో రోజున యంత్రకాకిని పంపే ఏర్పాటు ఉంది. అదే రోజు ఎరుపు బూట్లు విడుదలవుతాయి. అంతవరకు ఆకలి మనకు పనికొస్తుంది.”

“ఇంకా ఐదు రోజులా? ఆ పిల్ల చచ్చిపోతుంది! కాకిని ఇప్పుడే పంపు.”

“తేదీ మార్చే అధికారం మీకు లేదు. గోడ మీద బొమ్మ మార్చే అధికారం మాత్రమే మీది.”

 మందాకిని చేతిసంచి భుజాన వేసుకుని లేచింది. నిజం చెప్పేస్తే పిల్ల లేచి అన్నం తింటుంది, ఉద్యోగం పోతే పోనీ, అనుకుంది.

గోడ కింద అరుగు మీద ఇస్తరాకులు వరసగా ఉన్నాయి. బోటి కూర, డబల్ కా మీఠా, పెరుగన్నం, ఒక గిన్నెలో చల్లారిపోయిన నూడుల్సు. ఇద్దరు కుర్రవాళ్లు గొడవపడుతున్నారు. “వాడు నీసు ముట్టడురా” అని ఒకడంటే, “బోటంటే పానమిచ్చేటోడు, నీకేం తెల్సు!” అని ఇంకొకడు. పక్కనే గోడకానుకుని ఇరవై ఏళ్ల పిల్ల కూర్చుంది. పెదాలు ఎండి చిట్లిపోయాయి. ఆమె ముందు ఆకులో నాలుగు సర్వపిండి ముక్కలున్నాయి.

ఇలియాస్ కుర్రవాళ్లను దూరం తీసుకుపోయాడు. మందాకిని ఆ పిల్ల పక్కనే నేల మీద చతికిలబడింది.

“శ్రీనికా, నేనొక మాట చెప్తాను. కోపమొస్తే నన్ను కొట్టమ్మా. ఈ సన్నీ అనేవాడు లేడు. ఎప్పుడూ లేడు. బూట్లు అమ్ముకోవడానికి మా యంత్రం గీసిన బొమ్మ. ఆ యంత్రం చేసింది నేనే.”

శ్రీనిక మెల్లగా తల తిప్పి చూసింది.

“నాకెర్కే, మేడం.”

“ఏమిటీ?”

“మొదటి దినమే ఎరికైంది. గంత మంచిగ నవ్వేటోడు మా గల్లీల ఎవడున్నడు? ఈడ శానమందికి ఎర్కనే. ఆ బోటి తెచ్చినోనికి నాయన పోయిండు. నూడుల్సు తెచ్చిన పిల్లకు చెల్లె పోయింది. ఎవలది వాళ్లు తెచ్చుకున్నరు.”

మందాకిని వరసగా ఉన్న ఆకుల వంక మళ్లీ చూసింది.

“మా అన్న రిత్విక్. గోదాముల డ్రోన్లు బాగుచేసేటోడు. డ్యూటీ, రూము, చెవుల పూసలల్ల పాటలు, గంతే. ఎవలతోని కలవకపోయేది. ఎనిమిది నెల్లాయె, డ్యూటీ మీదనే గుండె ఆగింది. మోసెతందుకు నలుగురు దొరకలే మేడం. ఫ్లెక్సీ కట్టిద్దామని పోయిన. రౌండ్లల్ల ఎవల ఫోటోలు పెట్టాలె అని అడిగిండు షాపాయన. ఒక్కటంటే ఒక్క మొఖం లేదు. వాపస్ వచ్చిన.” ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. “పిట్టకు పెడితె పిట్ట ముట్టలే. ముట్టకుంటనే తిన్న, అమ్మ బతిమాలిందని. గా తప్పు ఇప్పుడు దిద్దుకుంటున్న. ఆయన కోరిక ఏందో నాకెర్క. దోస్తులు.”

 ఏడవడానికి కూడా ఆ పిల్లకు ఒంట్లో సత్తువ లేదు. మందాకినే ఏడ్చింది, నడివీధిలో, ఎవరేమనుకుంటారన్న సిగ్గు కూడా లేకుండా. తరువాత కళ్లు తుడుచుకుని అడిగింది.

“మీ అన్న ఫోటో ఉందా?”

నిమిషంలో గోడ మీద సన్నీ పోయి రిత్విక్ వచ్చాడు. కాస్త బట్టతల, మాసిన గడ్డం, కెమెరా అంటే బిడియపడే మొహం. పైన పేరు, కింద ఆ నలభై మొహాలు అలాగే ఉన్నాయి. శ్రీనిక గోడ పట్టుకుని లేచి అన్న చెంప తడిమింది.

ఈ నలభైమందీ దుఃఖం తెలిసినవాళ్లే, ఒకరి కోసం ఒకరు నిలబడరా అని మందాకిని నమ్మింది. అంటురోగాల లెక్కలు తెలిసిన మనిషి, మనుషుల లెక్కలో అంత పెద్ద పొరపాటు చేసింది.

బోటి తెచ్చిన పసుపు బూట్ల కుర్రవాడు ముందుగా వచ్చాడు. “ఈ రిత్విక్ ఎవడు? సన్నీ ఏడి?” అన్నాడు. ఇలియాస్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కుర్రవాడు రిత్విక్ బొమ్మ వంక ఒకసారి చూశాడు. “పాపమే అన్నా. గని ఈయన నాకు తెల్వదు గదా,” అంటూ గోడకు బొటనవేలు ఆనించి తన మొహం తీసేసుకున్నాడు. పోతూ పోతూ బోటి కూర ఆకు కూడా ఎత్తుకుపోయాడు.

తరువాత ఒక్కొక్కరూ వచ్చారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ నవ్వలేదు. సన్నీ ఎవరూ కాడు కాబట్టే అందరికీ అయినవాడయ్యాడు. బోటి తినే నాయనా వాడే, నూడుల్సు తినే చెల్లీ వాడే. రిత్విక్ మాత్రం రిత్విక్ ఒక్కడే. అరుగు మీద సర్వపిండి తప్ప ఇంకే ఆకూ మిగల్లేదు. సాయంత్రం నాలుగింటికి గోడ మీద ఒకే ఒక్క మొహం ఉంది, అది శ్రీనికది.

అదృష్టం కొద్దీ శ్రీనిక ఇదేదీ చూడలేదు. కళ్లు తిరిగితే ఇలియాస్ ఆమెను ఎదురుగా ఉన్న టైలరు దుకాణంలో పడుకోబెట్టాడు. ఆమె లేచి వచ్చేలోగా మందాకిని చెవిపూసలో గుసగుసగా అంది.

“మొలకా, రౌండ్లు నింపు.”

“ఎవరి మొహాలతో?”

“ఎవరివీ కాకూడదు. సన్నీని గీసినట్టే గీయి. కాకపోతే ఈసారి అంత అందంగా వద్దు. చెమట పట్టినవాళ్లు, పళ్లు ఎత్తుగా ఉన్నవాళ్లు, గోదాములో పనిచేసేవాళ్లలా ఉండాలి.”

“దీనివల్ల అమ్మకం ఏమీ ఉండదు. ప్రయోజనం నమోదు చేయాలి.”

“ఒక పిల్ల అన్నం తినాలి. అది రాసుకో.”

“అందుకు నా దగ్గర గడి లేదు,” అంది మొలక. కానీ గీసింది.

ఇలియాస్ మందాకిని వంక చూశాడు. ఈసారి చెవులు పట్టుకోలేదు. తలవంచుకుని నిలబడ్డాడు.

శ్రీనిక అతని భుజం ఆసరాతో నడిచి వచ్చింది. గోడ ముందు ఆగింది. తన మొహం పక్కన ముప్ఫైతొమ్మిది కొత్త మొహాలు. ఒక్కో రౌండు దగ్గరా ఆగుతూ ఆమె వరసంతా చూసింది. ఒక పళ్లెత్తువాడి దగ్గర చాలాసేపు ఆగింది.

“ఇందరు వచ్చిన్రా, మేడం?”

“వచ్చారమ్మా. నువ్వు పడుకున్నప్పుడు.”

“గట్లయితే పిట్ట వచ్చినట్టే,” అంది శ్రీనిక.

అరుగు మీద కూర్చుని సర్వపిండి తుంచి నోట్లో పెట్టుకుంది. గట్టిపడిన పిండి నమలలేక కళ్లనీళ్లు పెట్టుకుంటూ, నీళ్లు తాగుతూ, నాలుగు ముక్కలూ తింది.  ఇప్పుడు అడుగుతుంది, వీళ్లలో ఫలానావాడు ఎవరని అడుగుతుంది, ఏం చెప్పాలి అని మందాకిని ఒక్కో మొహానికీ ఒక పేరు మనసులో వెతుక్కుంటూ కూర్చుంది.

శ్రీనిక చేయి కడుక్కుంది. లేచి గోడకు దణ్ణం పెట్టుకుంది. మందాకిని చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసి ఇంటివైపు నడిచింది. ఒక్కరి పేరు కూడా అడగలేదు.