జకార్డు నూనె

పొద్దున్నే తిమ్మమ్మ వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టి, కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చుంది. పక్క గదిలో సాయన్న మగ్గం అప్పటికే టకటకలాడుతోంది. గద్వాలలో ఆ వీధివాళ్ళకు తెల్లవారేది ఆ చప్పుడుతోనే. ఆ రోజు మాత్రం మగ్గం చప్పుడును మించి కోడలు స్వరూప కేక వినపడింది.

"అత్తా! జర ఇటు రా! నా ల్యాప్‌టాప్ ఎవరు ముట్టిన్రు?"

స్వరూప పుట్టిల్లు అమరచింత. అక్కడా నేతపనే. పెళ్ళయి వచ్చేటప్పుడు చీరల పెట్టెతో పాటు ఈ ల్యాప్‌టాప్‌నూ తెచ్చుకుంది. చీరల అంచులకు డిజైన్లు దాని మీదే గీస్తుంది. ఆ గళ్ళ బొమ్మను చూసి, అదే వీధిలో ఉండే మాసయ్య అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టల దండను మగ్గం పైనుండే జకార్డు యంత్రానికి ఎక్కిస్తే, బొమ్మ ఉన్నది ఉన్నట్టు అంచు మీద పడుతుంది.

అయినా మామ సాయన్న లెక్కలో అది పనే కాదు. "డబ్బా ముందర కూసోని టిక్కుటిక్కుమనుడు గూడ పనేనా? మగ్గం గుంతల కాలు పెట్టని అమరచింత పిల్లకు అంచు సంగతేం ఎరుక?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ అనేవాడు. చేసే చాకిరీ కనపడదు గానీ, కూర్చున్న కుర్చీ మాత్రం బాగా కనపడుతుంది ఈ పెద్దమనుషులకు!

ల్యాప్‌టాప్ పాతబడింది. కొంతకాలంగా దాని ఫ్యాన్ కీచుమంటోంది. ఆన్ చేసి స్నానానికి వెళ్ళొచ్చినా తెర వెలిగేది కాదు. అందుకని స్వరూప కొత్త డిస్కు, ఇంకో ర్యామ్ ముక్క తెప్పించుకుంది. వీడియోలు చూసి నేర్చుకుని ఇంట్లోనే మార్చుకుందామనుకుంది. ముందు డిజైన్‌ను మిగతా అన్నిటితో పాటు కొత్త డిస్కులోకి కాపీ చేసుకోవాలి, ఆ తరువాత పాత డిస్కు తీసెయ్యాలి. తీరా ఆ పొద్దున ఆన్ చేస్తే, కాపీ మొదలవగానే వేడెక్కి ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేసింది. మళ్ళీ ఆగిపోయింది.

పోతే పోయిందిలే అనుకునే డిజైన్ కాదది. తిమ్మమ్మ పెళ్ళిచీర మీది గండభేరుండం అంచు. సాయన్న పడుచు వయసులో తన చేత్తో నేసిన చీర. దాని అట్టలను ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. చీర కూడా చివికిపోయి, మడత విప్పితే చాలు చిరుగుతోంది. స్వరూప భూతద్దం పెట్టి పోగు పోగు లెక్కపెట్టి గీసింది. లెక్కపెడుతుంటేనే అంచు పేలికలైపోయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో బొమ్మ పోతే, మళ్ళీ చూసి గీయడానికి లోకంలో ఇంకేమీ లేదు.

స్క్రూలు తీసి వెనక మూత విప్పింది. ఫ్యాన్ రెక్కల నిండా నూనె! మగ్గాల గదిలోంచి వచ్చి ఇన్నాళ్ళూ చేరిన నూలు నూగంతా ఆ నూనెకు అంటుకుని నల్లటి ముద్ద కట్టింది. ఫ్యాన్ కదలడం లేదు. అప్పుడే అత్తను కేకేసింది.

"నిన్న నేను అమరచింతకు పోయినంక ఈ గదిలకు ఎవరొచ్చిన్రు అత్తా?"

"నాకు తెల్వదు బిడ్డా. మాపటిదాంక నేను రాట్నం కాడనే ఉంటి," అంది తిమ్మమ్మ బిత్తరపోతూ.

స్వరూప మొగుడి వైపు చూసింది. జితేందర్ చాయ్ గ్లాసులో తల దూర్చి, "నన్ను గుంజకు. నాకేం తెల్వదు," అన్నాడు. ఈ మనిషి సంగతి తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది. తండ్రి ముందు తండ్రి మాట, పెళ్ళాం ముందు పెళ్ళాం మాట. ఇద్దరూ ఒక్కచోట ఉంటే మాత్రం ఖాళీ గ్లాసయినా సరే తాగుతూనే ఉంటాడు.

అంతలో మగ్గం ఆగింది. సాయన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేనే ఏసిన నూనె. ఏందిప్పుడు?"

"నువ్వా? ఎందుకేసినవ్ మామా? ఇదేమన్న బండి ఇరుసా?"

"కీసుకీసుమంటుండె. కింది సందులకెల్లి ఏసిన."

"నన్ను అడగాల్నా, వద్దా?"

"నా ఇంట్ల నేను ఎవర్ని అడగాలె?"

"గట్ల చెప్పు! నా పనంటేనే నీకు గిట్టదు. ఈ డబ్బాను బాయిల పడేస్తనని ఎన్నిసార్లన్నవ్! బాయిల ఏస్తే నలుగురు చూస్తరని నూనె పోసి సంపినవ్!"

"నోరు దగ్గర పెట్టుకో!"

"ఇన్నొద్దులు దగ్గరనే పెట్టుకున్న. అందుకే గిట్లయింది. దీంట్ల ఉన్న అంచు ఎవరిదో ఎరికేనా? నీదే! నువ్వు అత్తకు నేసిన అంచు! నీ చేతిపనిని నువ్వే సంపుకున్నవ్ మామా!"

సాయన్న ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. "నీకెట్ల సమజైతే అట్లనే అనుకో," అని గిరుక్కున తిరిగి మగ్గం గదిలోకి వెళ్ళిపోయాడు. మగ్గం మాత్రం మోగలేదు.

స్వరూప సంచీలో బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. "బస్టాండుల దించుతవా, ఆటో పిలవాల్నా?"

"జర చల్లబడు స్వరూపా," అన్నాడు జితేందర్.

"నువ్వు చల్లగున్నవ్ గద, ఇంటికి ఒకరు చాలు!"

తిమ్మమ్మ ఈ గొడవ విననట్టే ఆ ఫ్యాన్ దగ్గర వంగింది. నూనెను వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండు వేళ్ళ మధ్య రాసి చూసింది.

"ఓ పిల్లా, ఆ సంచీ కింద పెట్టు. ఇది జకార్డు నూనె."

"ఏ నూనైతే ఏంది అత్తా! పాడైతే అయింది గద!"

"పాడైతే అయింది. కాదంటలేను. కని ఆ సీసాను మీ మామ ఎవర్నీ ముట్టనియ్యడు. ఈ ఇంట్ల ఎవరి మగ్గానికి వాళ్ళే నూనె ఏసుకోవాలె, ఒకరిది ఒకరు ఎయ్యరు. నా రాట్నం కిర్రోమొర్రోమని ఏడ్చినా నేనే ఇంత ఆముదం రాసుకుంట. ఇంట్ల పిల్లలు మొదటిపాలి మగ్గమెక్కిన నాడు మటుకు పెద్దోళ్ళు ఒక్క చుక్క ఏస్తరు. జితేందరుకు ఏసిండు మీ మామ. మళ్ళ ఎవరికీ ఎయ్యలే."

స్వరూప చేతిలోని చీర చేతిలోనే ఉండిపోయింది.

"మొన్న నువ్వు వంటింట్ల ఉన్నప్పుడు ఆయన నీ డబ్బా ముందర నిలబడ్డడు. తెర మీద గండభేరుండం ఉండె. శానసేపు నిలబడ్డడు. తిట్టుకుంటుండేమో అనుకున్న నేను." తిమ్మమ్మ వేలి నూనె కొంగుకు తుడుచుకుంది. "మెచ్చుకునుడు ఆ నోటికి రాదు బిడ్డా, నలభై ఏండ్ల సంది చూస్తున్న. నీ డబ్బాను మగ్గమనుకున్నడు. మొదటి చుక్క ఏసిండు."

స్వరూపకు ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు కోపమూ రెట్టింపయింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నోరు తెరిచి చెబితే ఈయన సొమ్మేం పోయేది! కళ్ళు తుడుచుకుంటూ మగ్గం గదిలోకి వెళ్ళింది. సాయన్న గుంతలో కాళ్ళు పెట్టుకుని, చేతులు ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మామా, నాకు కోపం పోలే."

"పోకుంటే పోకపాయె. బొమ్మ దొరుకుతదా?"

"తెల్వదు. లేచి రా. నువ్వు పెట్టిన జిడ్డు నువ్వే తియ్యాలె."

సాయన్న లేచాడు. స్వరూప మొగుణ్ణి మందుల షాపుకు తరిమి స్పిరిట్ తెప్పించింది. ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది. ఫ్యాన్ విప్పి మామ ముందు పెట్టింది. ఆయన పోగులు తీసే చిమ్టాతో నూగు ముద్దలు లాగుతుంటే, ఆమె దూదితో రెక్కలు తుడిచింది. "మెల్లగ, ఇరుగుతది!" అని ఆమె, "తెలుసు తియ్!" అని ఆయన, తుడిచినంతసేపూ కసురుకుంటూనే ఉన్నారు.

అంతా ఆరాక ఫ్యాన్ బిగించి ఆన్ చేసింది. ఫ్యాన్ తిరిగింది. కాపీ అవుతున్న గీత తెర మీద నెమ్మదిగా జరుగుతుంటే అందరూ దాని చుట్టూ మూగారు. గీత చివరిదాకా వచ్చింది. స్వరూప పాత డిస్కు తీసేసి, కొత్తది పెట్టి, ర్యామ్ ముక్క నొక్కి మూత వేసింది. ఈసారి మీట నొక్కి కొంగు సర్దుకునేలోపే తెర వెలిగింది. బొమ్మ తెరిచి చూస్తే గండభేరుండం రెండు తలలతో నిలబడి ఉంది.

సాయన్న వంగి చూశాడు. చూసి, "ఎడమ తల కాడ ఒక పోగు తప్పింది," అన్నాడు. ఊరుకుంటే ఆయన సాయన్న ఎందుకవుతాడు!

"నేను తప్పలే మామా. నువ్వు ఆనాడు నేసిందే గట్ల."

తిమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. "నేను కట్టుకున్ననాడే చూసిన. పెండ్లిపిల్లను గద, ఏమంటనని ఊకున్న!"

"దిద్దాల్నా మామా?" అంది స్వరూప.

"వద్దు. అట్లనే ఉండనియ్యి."

సాయన్న తిరిగి మగ్గం గదిలోకి నడిచాడు. స్వరూప వెనకాలే వెళ్ళి, గూట్లోంచి జకార్డు నూనె సీసా తీసుకుంది. ఆయన మగ్గానికి మొదటి చుక్క తరువాత ఆయన తప్ప ఇంకొకరు నూనె వేసి ఎరగరు. ఆ చుక్క వేసిన పెద్దలు పోయి చాలా ఏళ్ళయింది. సీసాను కోడలి చేతిలో చూసి సాయన్న ఉలిక్కిపడ్డాడు.

"నీదీ కిర్రుమంటుంది మామా. ఎయ్యాల్నా, వద్దా? నేను మటుకు అడిగే ఏస్త."

సాయన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. 'అమరచింత పిల్లా' అని తప్ప ఇంకోలా పిలవని ఆ నోరు చివరికి పెగిలింది.

"ఎయ్యి బిడ్డా. ఒక్క చుక్కనే. ఎక్కువైతే ఖరాబైతది."