కీడమ్మ పంపిన చాపలు

ఆ కాలానికి దేశం ఎంత అభివృద్ధి చెందిందంటే, ఎవరైనా సైకిలు మీంచి పడ్డారని తెలిస్తే మంత్రి రాజీనామా చేసేవాడు. పనిలేని అంబులెన్సులు పెళ్ళిళ్ళకి అద్దెకి తిరిగేవి. అరటితొక్క చూడాలంటే పిల్లలు మ్యూజియానికి వెళ్ళాల్సిందే. ప్రమాదం అంటే ఏమిటని అడిగితే ఒక కలెక్టరు నీళ్ళు నమిలాడు. నీళ్ళు నమలడంలోనూ ప్రమాదముందని ఆయనకి మెమో వచ్చింది.

ఇదంతా కీడమ్మ చలవ. అసలు పేరు జాతీయ అపాయ కల్పన యంత్రం. కీడెంచి మేలెంచమన్నారు కదా పెద్దలు. ఆ ఎంచే పని దానికి అప్పగించారు. అయితే యంత్రానికి లెక్కలొచ్చు, భయం రాదు. ముందు ఒక మనిషి తలకి సెన్సర్ల పట్టీ కట్టుకుని, కళ్ళు మూసుకుని, జరగకూడనిదొకటి ఊహించాలి. దాన్ని బీజభయం అంటారు. ఎంత వణికారో పట్టీ కొలుస్తుంది. ఏం చూశారో మాత్రం నోటితో చెప్పాలి, ఎందుకంటే మనసు చదవడం నేరం. ఆ గింజని కీడమ్మ వేల రకాలుగా మొలకెత్తించి, ఏది నిజంగా జరగగలదో సిమ్యులేషన్‌లో తేల్చి, జరక్కుండా కావలసినవన్నీ పంపేస్తుంది. గింజ వెయ్యని చోట మొలక లేదు. ఊరి గుట్టు ఊరివాళ్ళకే తెలుసు కాబట్టి, ఎవరి ఊరికి వాళ్ళే భయపడాలని రూలు పెట్టారు.

అక్కడే వచ్చింది చిక్కు.

పీతలమెరకకి భయపడే పని డాక్టర్ భ్రమరాంబది. సముద్రం ముందుకొచ్చాక చుట్టూ గోడ కట్టుకుని నిలిచిన ఊరది. ఆ గోడ తలుపు తీసి మూసే పని ఆమె తమ్ముడు నాంచారయ్యది. పట్టీ కట్టుకోగానే ఆమెకి కనిపించేది ఆ తలుపే. తలుపు వెనక నీళ్ళు, నీళ్ళ ముందు తమ్ముడు. వెంటనే చిన్నప్పుడు నాయనమ్మ నోటి మీద కొట్టిన దెబ్బ గుర్తొచ్చేది. "అవేం మాటలే! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!"

ఆమె డాక్టరేటు ఆ దెబ్బ ముందు నిలవలేదు.

"ఏం కనిపించింది?" అనేది కీడమ్మ.

"మా తమ్ముడు వాకిట్లో కాలు జారాడు."

"ఇంకా పెద్దదేమైనా?"

"లేదు."

మర్నాడు పీతలమెరకకి జారని రబ్బరు చాపల లారీలు వెళ్ళేవి.

"అక్కా, మళ్ళీ చాపలొచ్చాయే!" అని ఫోన్లో నవ్వేవాడు నాంచారయ్య. "ఇంట్లో అంటించాం, దొడ్లో అంటించాం, గేదె కింద అంటించాం. ఇప్పుడది వట్టి నేల మీద నిలబడనంటంది. మీ కీడమ్మకి మా ఊళ్ళో ఇంకేం కనపడవా?"

"నోర్ముయ్యి. అన్నం తిన్నావా?"

"తిన్నాలే గానీ, తలుపు కీలొకటి మూలుగుతుందే. కీడమ్మ చెప్పని రిపేరుకి డబ్బులివ్వరంట."

"అలాంటివి నోటితో అనకూడదురా. శుభం పలుకు."

కార్తీకంలో తుఫాను వచ్చింది. గాలి ఎప్పుడొస్తుందో వాతావరణ శాఖ చెప్పగలదు. తలుపు ఎక్కడ ఓడుతుందో ఎవరో ఒకరు ముందే భయపడి ఉండాలి. ఊరంతా మేడలెక్కేదాకా నాంచారయ్య ఆ కీలుకి భుజం ఆనించి నిలబడ్డాడట. తర్వాత కీలూ లేదు, భుజమూ లేదు.

నీళ్ళు తీశాక భ్రమరాంబ వెళ్ళింది. ఇల్లు లేదు. దొడ్డి లేదు. గేదె లేదు. చాపలు మాత్రం అంటించినవి అంటించినట్టే ఉన్నాయి. వాకిలుండే చోట వాటి మీదే కూలబడింది. లేవబోతుంటే, "జాగ్రత్తమ్మా, జారతావు" అని పక్కింటావిడ చెయ్యందించింది. ఇక్కడ కాలు జారదని చెప్పబోయింది భ్రమరాంబ. ఆ చెయ్యి పట్టుకుని లేచింది.

ఆఫీసుకొచ్చి, పక్క సీట్లో కూర్చునే ఎలీషాకి ఉన్నదంతా చెప్పేసింది. అతను తన తల పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"మా కరకట్టపాలేనికి నేనేం పంపిస్తున్నానో తెలుసా భ్రమరాంబగారూ? దోమతెరలు. మా పాప రూతుకి దోమ కుట్టిందని చెప్తా. అంతకు మించి నోరు రాదండీ."

"మరి ఎలా?"

"మార్చుకుందాం. మీ ఊరికి నేను, మా ఊరికి మీరు. పరాయోళ్ళకైతే ధైర్యంగా భయపడొచ్చు."

ఇద్దరూ అర్జీ పెట్టుకుంటే రూలు మారింది. కొత్త ఊరి గుట్టు తెలుసుకోవాలని ఎలీషా పీతలమెరక వెళ్ళాడు, భ్రమరాంబ కరకట్టపాలెం వెళ్ళింది. ఏటిగట్టు అడుగున ఎలకలు తొలిచిన బొక్కలు కళ్ళారా చూసింది. ఒక్క వరద చాలు. ఈసారి తప్పకుండా చెప్పాలనుకుంది. ఇంతలో గట్టు మీద ఎలీషా కూతురు పరిగెత్తుకొచ్చింది, చేతిలో గిన్నె.

"అత్తా, చేపలు! దోమతెరతో పట్టాను. మా ఇంట్లో బోలెడున్నాయిలే తెరలు." బస్సెక్కేదాకా రూతు ఆమె వేలు వదల్లేదు.

మర్నాడు భ్రమరాంబ పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుంది. గట్టు. బొక్కలు. నీళ్ళు. నీళ్ళ ముందు గిన్నె పట్టుకుని రూతు.

"ఏం కనిపించింది?"

పెదవులు కదిలాయి. నాయనమ్మ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"పాపకి కాలు జారింది."

"ఇంకా పెద్దదేమైనా?"

"లేదు."

తెల్లారేసరికి కరకట్టపాలేనికి చాపల లారీలు బయల్దేరాయి. దారిలో వాటికి, పీతలమెరక వైపు పోతున్న దోమతెరల లారీలు ఎదురయ్యాయి.