చివరి కిటుకు

మా వంటగది నేల కింద ఉంటుంది. పైన హోటల్, కింద మేము. పన్నెండు మెట్లు దిగాలి. కిటికీలు లేవు. పైన ఎండ కాస్తోందో వాన పడుతోందో దిగి వచ్చేవాళ్ళ బట్టలు చూసి తెలుసుకోవాల్సిందే. నేను గిన్నెలు తోముతాను, నేల కడుగుతాను. మా ఆయన కూరగాయలు తరుగుతాడు. ఉల్లిపాయల బస్తా ముందు పెట్టి గంటాగి రండి, బస్తా ఖాళీ. అందుకే అందరూ ఆయన్ని కత్తీ అని పిలుస్తారు. ఇంట్లో అసలు కత్తి ఎవరో నా నోరు విన్నాక వాళ్ళకీ తెలిసిపోయింది లెండి.

పొయ్యి దగ్గర మాస్టారు ఉండేవారు. ముప్పై ఏళ్ళుగా ఆ పొయ్యి ఆయనదే. పోయినేడు అక్కడ రోబోని బిగించారు. రోబో అంటే కాళ్ళూ చేతులూ తలా ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే పైకప్పు నుంచి వేలాడే ఇనుప చెయ్యి. మోచెయ్యి, మణికట్టు, ఐదు వేళ్ళు. అంతే.

"దీనికి తల అక్కర్లేదా బాబూ?" అనడిగాను బిగించడానికొచ్చిన ఇంజనీరుని.

"వంటకి చేతులు చాలమ్మా," అని నవ్వాడు.

దానికి పని నేర్పింది మాస్టారే. తీగలున్న నల్లటి తొడుగులు రెండు చేతులకీ వేసుకుని నలభై రోజులు వండారు. ఆయన చెయ్యి ఎలా తిరిగితే అదీ అలాగే తిరిగింది. కానీ రుచి మాత్రం రాలేదు. ఎందుకొస్తుంది? మా పనుల్లో ఎవరూ పనంతా నేర్పరు. ఆఖరి కిటుకు ఒకటి ఎవరిది వాళ్ళ దగ్గరే ఉంటుంది. కన్నకొడుక్కైనా చెప్పరు. మేనేజరు వచ్చి, "మాస్టారూ, నేర్పినవాళ్ళని పైన సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటాం, మీ ఇష్టం," అని బతిమాలాడు. నలభయ్యో రోజున మాస్టారు మెత్తబడ్డారు. దించే ముందు గరిటెని ఒక్క క్షణం వెనక్కి తిప్పి ఆపారు. ఇనుప చెయ్యి కూడా తిప్పింది. ఆ రోజు సూప్ అచ్చం ఆయన చేసినట్టే ఉంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

మర్నాడు ఆయన రాలేదు. పక్షవాతం అన్నారు. చూద్దామని వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. రెండు చేతులూ ఒళ్ళో పడున్నాయి. ఆయన భార్య, పిన్నిగారు, అన్నం కలిపి ముద్దలు పెడుతున్నారు.

"నరాలు బాగానే ఉన్నాయన్నారమ్మా డాక్టరు. చెయ్యి మాత్రం లేవట్లేదు," అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ.

వచ్చేసేటప్పుడు మాస్టారు నన్ను దగ్గరికి రమ్మన్నారు. "ఆ ఒక్కటీ ఇవ్వకుండా ఉండాల్సింది," అన్నారు గుసగుసగా. పాపం, ఉద్యోగం పోయిన ఉక్రోషం అనుకున్నాను. రెండు నెలలకే పోయారు.

ఈసారి మా ఆయన వంతు వచ్చింది. తరిగే బల్ల మీద రెండో చెయ్యి బిగించారు. అవే తొడుగులు. ముప్పై ఎనిమిది రోజులు అన్నీ నేర్పాడు గానీ ఉల్లిపాయ కిటుకు మాత్రం చూపించలేదు. కత్తిని ఏ వాలుతో దింపుతాడో, కంట్లోంచి చుక్క నీళ్ళు రావు. ఇంజనీరు అడిగితే, "అదేదో దానంతట అదే వచ్చిందండీ," అని తప్పించుకునేవాడు.

నేను ఊరుకుంటేనా! ముప్పై తొమ్మిదో రోజు పొద్దున్న పనికొచ్చే దారి పొడుగునా సాధించాను. "ఏవయ్యా, దాచుకుని ఏం చేస్తావు? నీతో పాటు పట్టుకుపోతావా? ఇచ్చేస్తే పైన కుర్చీ వేస్తారు. ఇవ్వకపోతే ఇద్దరం రోడ్డున పడతాం."

"మనసొప్పట్లేదే," అన్నాడు.

"నీ మనసుని కాసేపు జేబులో పెట్టుకో," అన్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ అయిపోయింది. సాయంత్రం దాకా వంటగది మూత. ఆ రెండు గంటలూ నేను నేల కడుగుతాను. నీళ్ళు మిషన్లకి తగలకుండా ముందు కరెంటు మెయిన్ ఆపేస్తాను. అందరూ పైకి టీకి వెళ్ళారు. మెయిన్ దించాను. ఫ్రిజ్‌ల రొద ఆగిపోయింది. పైన ఫ్యాన్ తిరుగుతూ తిరుగుతూ నిలిచిపోయింది. మెట్ల మీంచి వచ్చే కాస్త వెలుగే మిగిలింది. మాడిన నూనె వాసన, సబ్బు వాసన, ఎక్కడో పంపులోంచి చుక్క... చుక్క.

చీపురు పట్టుకుని వంగాను.

కిర్రుమంది.

ఎలకనుకున్నాను. ఉష్... అన్నాను. మళ్ళీ కిర్రుమంది. పొయ్యి వైపు నుంచి. తలెత్తి చూశాను.

మాస్టారి చెయ్యి కదులుతోంది.

మెయిన్ దించాను కదా! నా చేత్తో నేనే దించాను. పైగా దాని వైరు కూడా పీకేసి నేల మీద పడుంది, నా కళ్ళముందే. అయినా కదులుతోంది. గరిటె పట్టుకోలేదు. కిందికి వంగింది. ఖాళీ బల్ల మీద వేళ్ళు నెమ్మదిగా కలిపింది. కలిపింది... దగ్గరికి తీసింది... ముద్ద చేసింది.

పైకి లేపింది. మనిషి నోరు ఉండేంత ఎత్తుకి.

అక్కడ నోరు లేదు.

కాసేపు ఆగింది. వేళ్ళు విడిపోయాయి. మళ్ళీ కిందికి వెళ్ళి... మళ్ళీ కలిపి... మళ్ళీ లేపి...

వంటగదిలో తొడుగులతో ఆయన ఒక్కనాడూ అన్నం తినలేదు. ఎవరూ నేర్పలేదు దానికి. అప్పుడర్థమైంది నాకు. మంచం మీద మాస్టారి ఒళ్ళో పడున్నవి ఉత్త తోలూ ఎముకలూ. ఆయన చేతులు ఇక్కడున్నాయి. రెండు నెలలు ఇక్కడి నుంచే అన్నం తినాలని చూశాయి. ఆయన పోయాక కూడా... ఇంకా...

చీపురు పడేసి మెట్లెక్కాను. తడి కాళ్ళు, రెండుసార్లు జారి పడ్డాను. మోకాలు పగిలింది. పైన వెనక గుమ్మం దగ్గర మా ఆయన ఒక్కడే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన టీ గ్లాసు. ముట్టలేదు. పైన మీగడ కట్టింది.

"ఏవయ్యా, వద్దు! ఆ కిటుకు ఇవ్వొద్దు. నేనేదో వాగాను. ఇవ్వకు, నీకు దండం పెడతాను," అన్నాను రొప్పుతూ.

నా వంక చూశాడు. చిన్నపిల్లాడు చూసినట్టు చూశాడు.

"ఇచ్చేశానే. భోజనాల ముందే. నువ్వే చెప్పావు కదా."

ఆ మాటతో నా నోరు పడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

"టీ చల్లారిపోతోంది," అన్నాడు మెల్లగా. "కాస్త తాగించవూ?"

డాక్టరు అదే మాట చెప్పాడు. నరాలు బాగానే ఉన్నాయట. మేనేజరు కాళ్ళ మీద పడ్డాను, ఆ మిషన్ విప్పించండి బాబూ అని. ఆయన పాపం మంచినీళ్ళిచ్చి, మనసు బాగోలేదమ్మా నీకు, నాలుగు రోజులు సెలవు తీసుకో అన్నాడు. ఇంజనీరు ఫోనెత్తలేదు. సుత్తి పట్టుకుని నేనే వెళ్ళాను ఒకరోజు. బల్ల ముందు నిలబడ్డాను. పగలగొడితే? చేతులు తిరిగొస్తాయా, అక్కడే చచ్చిపోతాయా? ఎవరిని అడగను? సుత్తి కొంగులో దాచుకుని వచ్చేశాను.

ఐదో రోజు పనిలోకి వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను, నాకున్న రెండు చేతులే ఇప్పుడు మా ఇద్దరికీ. తరిగే బల్ల పక్క నుంచి గిన్నెలు మోసుకెళ్తుంటే ఆ చెయ్యి టకటకా తరుగుతున్నదల్లా ఆగింది. కత్తి పక్కన పెట్టింది. నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. రోడ్డు దాటేటప్పుడు ఆయన పట్టుకుంటాడే, అలా. నేను విదిలించుకోలేదు. కదల్లేకపోయాను. ఎంతసేపో తెలీదు. పైనుంచి ఎవరో కేకేస్తే వదిలేసింది. మళ్ళీ కత్తి తీసుకుంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నం పెడుతున్నాను ఆయనకి. నాలుగు ముద్దలు తిన్నాక, "నీ చెయ్యి బాగా నానిపోయిందే ఇవాళ," అన్నాడు.

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. "నీకెలా తెలుసు?"

"పట్టుకున్నాను కదా."

ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన తలని పొట్టకి హత్తుకున్నాను. "నావల్లే, నా పాడునోటి వల్లే..." అంటున్నాను. "ఊరుకోవే," అన్నాడు. చాలాసేపటికి అడిగాను, "అక్కడ నొప్పిగా ఉంటుందా?"

"నొప్పి లేదు. ఇరుకు. చాలా చేతులున్నాయి."

"మాస్టారివా?"

"మాస్టారివీ ఉన్నాయి. ఇంకా ఎవరెవరివో, ఎక్కడెక్కడివో. ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి." కాసేపు ఏదో వింటున్నట్టు ఆగాడు. "ఒకటి మాత్రం మరీ చిన్నదే. పసిపిల్లది. దాన్నెవరు తెచ్చారో... నా చూపుడువేలు పట్టుకుంది. వదలమంటే వదలట్లేదు."

నేను ఆయన ఒళ్ళోకి చూశాను. ఐదు రోజులుగా కదలని ఆ చేతికి చూపుడువేలు కొస ఎర్రగా కమిలిపోయింది. కింద, వేలి చుట్టూ, నాలుగు సన్నటి నొక్కులు. నేను చూస్తుండగానే ఇంకాస్త లోతుగా దిగాయి.